రాడార్‌కు నీళ్లే కనవడ్తయ్

మా ఊరి పిలగాడు ఫోన్ల ఒక ఫోటో సూపెట్టి అడిగిండు: "అన్నా, విమానానికి రాడార్ ఉంటదంటరు గదా. మరి గీ పైలట్ రాళ్లవానలకు ఎట్ల వోయిండు? కండ్లు మూస్కున్నడా?" అది 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ పోయిన ఇండిగో విమానం. ముక్కు పగిలింది. లోపట 220 మందికి పైన ఉన్నరు, అందరు పాణాలతోని దిగిండ్రు. పిలగాడు వచ్చే నెల దుబాయ్ పోతుండు, గందుకే ఆ ఫోటో ఇంకా తీసెయ్యలె.

నేను ఇంజనీర్‌ను గాదు. కని విమాన ప్రమాదాల రిపోర్టులు సదువుడు నాకొక పిచ్చి. తెలిసింది చెప్పిన.

పగిలిన గా ముక్కులనే రాడార్ ఉంటది. దాని మీది టోపీని ఇనుముతోని చెయ్యరు. రేడియో అలలు దాటవోవాలె గదా, ఫైబర్‌గ్లాస్ అసొంటి దానితోని చేస్తరు. లోపట పళ్లెం లెక్క ఉండే ఆంటెన్నా కుడికి ఎడమకు తిరుగుకుంట మూడు సెంటీమీటర్ల పొడుగు అలలను ఇడుస్తది. అవి వాన సినుకులకు తాకి మళ్లొస్తయ్. కొన్నే మళ్లొస్తె తెర మీద ఆకుపచ్చ, ఇంకిన్ని వస్తె పసుపు, మస్తుగొస్తె ఎరుపు. ఏం రాకుంటె నలుపు.

అంటె రాడార్ సూసేది మబ్బును గాదు, పిడుగును గాదు, నీళ్ల సుక్కలను. కొత్త రాడార్లు ఆ సుక్కలు ఎట్ల ఉరుకుతున్నయో కనిపెట్టి గాలి కుదుపును కొంత పసిగడ్తయ్. సుక్కలే లేని కాడ అవి గూడ గుడ్డియే.

మంచుతోని ఇంకో తిప్పల. నీళ్లు పంపే దాంట్ల ఐదో వంతే మంచు తిప్పి పంపుతది. తడిసిన రాయి బాగనే కనవడ్తది, ఎండిన రాయి సరిగ్గ అవుపడది. విమానం పోయేదేమో 36 వేల అడుగుల ఎత్తుల. ఆడ ఉరుముల మబ్బు తలకాయంత మంచే. గందుకే ఆంటెన్నాను జర కిందికి వంచి మబ్బు కడుపు సూడాలె, నీళ్లుండేది ఆడ. మరీ వంచితె నేలనే తెర మీద ఎర్రగ వస్తది. కొత్త విమానాలల్ల గీ వంచుడు కంప్యూటరే చూస్కుంటది గని, అల దూరం పోయినకొద్ది ఎడల్పయితది. 185 కిలోమీటర్ల అవతలికి పోయేసరికి పది కిలోమీటర్లకు పైన మందమైతది. తెర మీది ఎరుపు మన ఎత్తులనే ఉన్నదా, మన కింద ఉన్నదా? అంత దూరం నుంచి తేల్చుడు కష్టం.

అన్నింటికంటె మోసం చేసేది నలుపు. రాత్రి మక్కచేనుకు కావలి పోయినోళ్లకు ఎర్కే. టార్చిలైటు కొడ్తె ముందటి నాలుగు సాళ్లు తెల్లగ మెరుస్తయ్, వాటెన్క పంది ఉన్నా కానరాదు. ఎలుగంత ముందటి సాళ్లే మింగుతయ్. రాడార్‌కు గూడ అంతే. ముందట గట్టి వాన ఉంటె అలలను అదే మింగుతది, ఎన్క ఉన్న అంతకంటె పెద్ద వాన తెర మీద సన్నగ కనవడ్తది, లేకుంటె నల్లగ, ఖాళీ సందు లెక్క. ఎరుపు ఎన్క నలుపును సందు అనుకోవద్దని పైలట్లకు నేర్పేది గందుకే.

అమెరికాల 1977 ఏప్రిల్ 4న సదరన్ ఎయిర్‌వేస్ 242 నంబర్ విమానం హంట్స్‌విల్ నుంచి అట్లాంటా పోతున్నది. దారిల జార్జియా రాష్ట్రం మీద పెద్ద ఉరుముల వాన. పైలట్లు తెర సూసి, ఒక పక్క దారి ఉన్నదనుకొని పోయిండ్రు. అది దారి గాదు, వాన నడిమిట్ల. నీళ్లు, వడగండ్లు మింగి రెండు ఇంజన్లు ఆగినయ్. న్యూ హోప్ అనే ఊర్ల రోడ్డు మీద దించవోయిండ్రు. విమానంల ఉన్నోళ్లు 63 మంది, కింద ఊరోళ్లు 9 మంది సచ్చిపోయిండ్రు.

గీడ నాకు నచ్చిన ముచ్చట ఒకటున్నది. కెప్టెన్ రాడార్‌నే నమ్ముకునుడు ఒక కారణమని ఎంక్వయిరీ రిపోర్టు రాసింది. కని ఆయన మీద తోసేసి ఊకోలె. తాజా వాన కబురు అందియ్యని కంపెనీ ఏర్పాటును, నేల మీది కంట్రోల్ వ్యవస్థకున్న లోపాలను గూడ కారణాలల్ల ఎక్కిచ్చింది. సచ్చినోడు మళ్లొచ్చి జవాబు చెప్పడు గదా, ఆయన మీదికి నెట్టుడు అల్కటి పని. అట్ల నెట్టలె వాళ్లు.

"అయితె అన్నా, మనోడు సూడనే లేదా?" అన్నడు పిలగాడు.

సూసిండు. డీజీసీఏ చెప్పిన లెక్క గిది: పఠాన్‌కోట్ దగ్గర పైలట్లు మబ్బును తప్పుకునేటందుకు ఎడమకు, సరిహద్దు దిక్కు పోతమని అడిగిండ్రు. మన ఉత్తరాది కంట్రోల్ ఒప్పుకోలె. లాహోర్‌ను అడిగిండ్రు, వాళ్లూ వద్దన్నరు. ఏప్రిల్ 24 నుంచే పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసింది. ఎన్కకు మళ్లుదామని సూసెటాలకు మబ్బు మీదికొచ్చింది. ఇగ శ్రీనగర్‌కు దగ్గరి దారి పట్టి దాంట్లకెళ్లే పోయిండ్రు.

పెద్ద ఉరుముల వానకు 20 నాటికల్ మైళ్లు, అంటె 37 కిలోమీటర్లు, ఎడం ఉండాలని పైలట్లకు చెప్తరు. ఆనాడు వాళ్లు అడిగిన జాగ సరిహద్దు దిక్కు ఉన్నది.