ఇల్లంతా వెచ్చగా: గ్యాస్ ఫర్నేస్ ఎంపికలో చూడాల్సినవి

గ్యాస్ ఫర్నేస్ ఒకేచోట గాలిని వేడిచేసి, డక్టులనే రేకు గొట్టాల ద్వారా ఇంట్లోని ప్రతి గదికీ పంపే యంత్రం. అమెరికాలో దాదాపు సగం ఇళ్ళు చలికాలంలో సహజవాయువు వల్లనే వెచ్చబడతాయి. ఆ పని ఎక్కువగా చేసేది ఫర్నేసే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పుష్య మాసపు చలికి మంచి దుప్పటి చాలు, ఇంటికి ప్రత్యేకంగా వేడి పెట్టే ఏర్పాటుతో పని లేదు. ఈ ప్రాంతం నుంచి చదువుకో ఉద్యోగానికో వెళ్ళి చికాగో శివార్లలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇల్లు కొనుక్కున్న కుటుంబానికి మాత్రం ఫర్నేస్ లేని చలికాలం గడవదు. ఉష్ణోగ్రత సున్నాకు 15 డిగ్రీల సెల్సియస్ దిగువకు పడిపోయే రాత్రి యంత్రం ఆగిపోతే మనుషులు వణకడంతో సరిపోదు. గోడల్లోని మంచినీటి గొట్టాలు గడ్డకట్టి పగిలిపోతాయి కూడా.

ఫర్నేస్ మామూలుగా 15 నుంచి 20 ఏళ్ళు పనిచేస్తుంది. పాత ఇల్లు కొన్నవారికి దాన్ని మార్చాల్సిన రోజు తప్పక వస్తుంది. అది చాలాసార్లు నడి చలికాలంలో వస్తుంది. అప్పటికప్పుడు దొరికిన మెకానిక్ చెప్పిన యంత్రాన్ని పెట్టించుకుంటే దాని మంచిచెడ్డలు మరో పదిహేనేళ్ళు భరించాలి. అందుకే పాతది ఇంకా నడుస్తుండగానే కొత్తదాని గురించి తెలుసుకోవడం మేలు. మొదట చూడాల్సింది యంత్రం పరిమాణం, తర్వాత దాన్ని బిగించే పని నాణ్యత. సామర్థ్యపు శాతం, కంపెనీ పేరు ఆ తర్వాతే వస్తాయి.

యంత్రం పనితీరు

గోడమీది థర్మోస్టాట్‌లో పెట్టిన ఉష్ణోగ్రత కంటే ఇల్లు చల్లబడగానే ఫర్నేస్‌కు సంకేతం అందుతుంది. ముందుగా ఒక చిన్న ఫ్యాను తిరిగి లోపల మిగిలిన వాయువులను బయటికి లాగుతుంది. తర్వాత ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది, బర్నర్లు అంటుకుంటాయి. మంట నిజంగా వెలిగిందో లేదో ఒక సెన్సర్ కనిపెడుతుంది. వెలగకపోతే కొద్ది సెకన్లలోనే గ్యాస్ ఆగిపోతుంది.

మంట నుంచి వచ్చే వేడి వాయువులు హీట్ ఎక్స్‌ఛేంజర్ అనే లోహపు గొట్టాల లోపలి నుంచి పోతాయి. ఇంటి గాలి ఆ గొట్టాల బయటి పక్కగా వీస్తూ వేడెక్కుతుంది. ఈ రెండూ ఎప్పుడూ కలవకూడదు. లోపలి వాయువుల్లో ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు. వేడెక్కిన గాలిని బ్లోయర్ అనే పెద్ద ఫ్యాను గదులకు తోస్తుంది. గదుల్లోని చల్లగాలి రిటర్న్ డక్టులనే వేరే గొట్టాల గుండా, ఫిల్టర్ దాటి, తిరిగి యంత్రానికి చేరుతుంది.

ఎంత పెద్దది కావాలి?

ఫర్నేస్ పరిమాణాన్ని గంటకు ఎన్ని బీటీయూలు అని కొలుస్తారు. ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కించే వేడి ఒక బీటీయూ. మార్కెట్లో 40,000, 60,000, 80,000, 100,000 బీటీయూల యంత్రాలు ఎక్కువగా కనిపిస్తాయి. 80,000 బీటీయూల ఫర్నేస్ ఆగకుండా మండితే, మన ఇళ్ళలో వాడే 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్నంత ఇంధనాన్ని సుమారు 8 గంటల్లో ఖర్చు చేస్తుంది.

చలిదేశంలో ఇల్లు కదా, పెద్దది పెట్టుకుంటే నిశ్చింత అనుకోవడం సహజమే గాని, అది సరికాదు. అవసరానికి మించిన యంత్రం కొద్ది నిమిషాల్లోనే థర్మోస్టాట్ ఉన్నచోటును వేడిచేసి ఆగిపోతుంది, కాసేపటికి మళ్ళీ మొదలవుతుంది. దూరపు గదులకు వేడి చేరేలోపే ఆగడం వల్ల ఒక గది ఉక్కగా, మరొకటి చల్లగా ఉంటుంది. మాటిమాటికీ వెలగడం, ఆరడం వల్ల భాగాలు త్వరగా అరుగుతాయి.

ఇంటి గోడలు, కిటికీలు, పైకప్పు, సందుల గుండా ఎంత వేడి బయటికి పోతుందో లెక్కకట్టి పరిమాణం తేల్చాలి. దీనికి అమెరికాలోని ఎయిర్ కండిషనింగ్ కాంట్రాక్టర్ల సంఘం రూపొందించిన పద్ధతి పేరు మాన్యువల్ జె. యంత్రం ఇచ్చే వేడి ఆ లెక్కకు సాధారణంగా 1.4 రెట్లు మించరాదని అదే సంఘం మరో మాన్యువల్‌లో చెబుతుంది. ఉదాహరణకు, అతి చల్లని రాత్రి ఒక ఇంటికి గంటకు 52,000 బీటీయూలు కావాలనుకుందాం. 96 శాతం సామర్థ్యం గల 60,000 బీటీయూల ఫర్నేస్ 57,600 ఇస్తుంది. అది సరిపోతుంది. అదే ఇంట్లో 100,000 బీటీయూలది పెడితే 96,000 వస్తాయి, అంటే అవసరానికి దాదాపు రెట్టింపు.

పాత ఫర్నేస్ కూడా ఒక ఆధారం ఇస్తుంది. ఏడాదిలో అతి చల్లని రాత్రి అది గంటకు 30 నిమిషాలే నడిచి ఇంటిని వెచ్చగా ఉంచిందంటే, దాని పరిమాణం అవసరానికి రెండింతలుందన్నమాట. ఇంటి వైశాల్యం ఒక్కటే అడిగి పరిమాణం చెప్పేసే కాంట్రాక్టర్‌ను, పాతదాని లేబుల్ చూసి అంతదే రాసిచ్చే కాంట్రాక్టర్‌ను మాన్యువల్ జె లెక్క అడగడం కొనేవారి హక్కు.

శాతాల లెక్క

కాల్చిన గ్యాస్‌లో ఎంత భాగం ఇంటికి వేడిగా చేరుతుందో తెలిపే అంకె పేరు ఏఎఫ్‌యూఈ. ఇది ఏడాది పొడవునా సగటు. 80 శాతం యంత్రంలో 100 డాలర్ల గ్యాస్‌కు 20 డాలర్ల వేడి పొగగొట్టం దాటి పోతుంది. సహజవాయువు మండినప్పుడు ఆవిరి పుడుతుంది. గ్యాస్‌లోని వేడిలో సుమారు పదో వంతు ఆ ఆవిరితోనే వెళ్ళిపోతుంది. 90 శాతం దాటిన యంత్రాల్లో రెండో హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉండి, ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా రాబడుతుంది. వీటిని కండెన్సింగ్ ఫర్నేస్‌లు అంటారు.

ఎక్కువ శాతం ఎప్పుడూ లాభమా అన్నది ఊరి చలిని బట్టి ఉంటుంది. ఏడాదికి 600 థర్ముల వేడి కావలసిన ఉత్తరాది ఇంటిని తీసుకుందాం. ఒక థర్ము అంటే లక్ష బీటీయూలు. 80 శాతం యంత్రం 750 థర్ముల గ్యాస్ కాలుస్తుంది, 96 శాతం యంత్రం 625 కాలుస్తుంది. థర్ముకు 1.20 డాలర్లు అనుకుంటే ఏడాదికి 150 డాలర్ల ఆదా. రెండు యంత్రాల మధ్య ఖర్చు తేడా 1,500 డాలర్లయినా పదేళ్ళలో తిరిగి వస్తుంది. 96 నుంచి 98 శాతానికి వెళ్తే మిగిలేది మరో 13 థర్ములు, అంటే ఏడాదికి 15 డాలర్లు మాత్రమే.

టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి చోట్ల చలికాలం చిన్నది. అక్కడి ఇంటికి ఏడాదికి 200 థర్ములు చాలనుకుంటే 80కీ 96కీ మధ్య ఆదా సుమారు 50 డాలర్లు. 1,500 డాలర్ల తేడా తిరిగి రావడానికి 30 ఏళ్ళు పడుతుంది, యంత్రమే అన్నాళ్ళు ఉండదు. ఇంధనం పొదుపు చేసే యంత్రాలకు గుర్తింపునిచ్చే ఎనర్జీ స్టార్ కార్యక్రమం కూడా ఉత్తరాది రాష్ట్రాలకు 95 శాతం, దక్షిణాదికి 90 శాతం అని వేర్వేరు గీతలు పెట్టింది. 2028 చివరి నుంచి కొత్త యంత్రాలకు 95 శాతం కనీసంగా ఉండాలని అమెరికా ఇంధన శాఖ 2023లో నిబంధన తెచ్చింది. 97 శాతం, ఆపై యంత్రాలకు 600 డాలర్ల వరకు దొరికిన ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. స్థానిక గ్యాస్ కంపెనీల రాయితీలు మాత్రం విడిగా ఉండవచ్చు, అడిగి చూడాలి.

మధ్యశ్రేణి అంటే ఏది?

అగ్గువ యంత్రాలు సింగిల్ స్టేజ్‌వి. అవి మండితే పూర్తి మంటతో మండుతాయి, లేదంటే ఆరిపోతాయి. ఖరీదైన మాడ్యులేటింగ్ యంత్రాలు మంటను చిన్న చిన్న మెట్లలో తగ్గించి పెంచుకుంటాయి. ఈ రెండిటి మధ్య ఉన్నది టూ స్టేజ్. దాని తక్కువ మంట పూర్తి మంటలో సుమారు 65 నుంచి 70 శాతం. మామూలు చలిరోజుల్లో తక్కువ మంటే సరిపోతుంది. యంత్రం ఎక్కువసేపు నెమ్మదిగా నడవడం వల్ల మేడమీది గదికీ కింది హాలుకూ తేడా తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది, గాలి ఫిల్టర్ గుండా ఎక్కువసార్లు పోతుంది. గ్యాస్ ఆదా మాత్రం టూ స్టేజ్ వల్ల పెద్దగా పెరగదు. కొనేవారు చెల్లించేది సుఖానికి.

బ్లోయర్ మోటారు మరో ముఖ్యభాగం. పాత మోటార్ల కంటే ఈసీఎం మోటారు చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది. 2019 జూలైలో అమలులోకి వచ్చిన నిబంధన వల్ల కొత్త ఫర్నేస్‌లలో ఇదే వాడుక అయింది. వేసవిలో ఏసీ చల్లగాలిని తోసేది కూడా ఈ బ్లోయరే. ఒక టన్ను ఏసీకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి. 4 టన్నుల ఏసీ ఉన్న టెక్సాస్ ఇంట్లో ఫర్నేస్ మంట చిన్నదైనా బ్లోయర్ మాత్రం 1,600 ఘనపుటడుగులు తోయగలగాలి.

ఈ లెక్కలన్నీ కలిపితే, చలి ఎక్కువున్న రాష్ట్రాల్లో 95-96 శాతం సామర్థ్యం, టూ స్టేజ్ మంట, ఈసీఎం బ్లోయర్ ఉన్న యంత్రం చాలా ఇళ్ళకు తగినది. అంతకు మించిన ఖరీదు యంత్రాల్లో కంట్రోల్ బోర్డులు, ప్రత్యేక థర్మోస్టాట్లు వారంటీ దాటాక పెద్ద ఖర్చు తెచ్చిపెడతాయి.

బిగించే పనే ప్రాణం

మంచి యంత్రం చేతకాని బిగింపుతో పాడవుతుంది. సాధారణ ఇంట్లో డక్టుల సందుల గుండా 20 నుంచి 30 శాతం గాలి దారిలోనే పోతుందని ఎనర్జీ స్టార్ అంచనా. ఆ సందులు మూయించకుండా 96 శాతం యంత్రం పెట్టినా ఫలితం అరకొరే.

కండెన్సింగ్ ఫర్నేస్ పొగ చల్లగా ఉంటుంది కాబట్టి పీవీసీ గొట్టంతో పక్కగోడ నుంచి బయటికి వదులుతారు. దాన్నుంచి కారే నీటికి ఆమ్ల గుణం ఉంటుంది, సరైన డ్రెయిన్ కావాలి. చలికి ఆ దారి గడ్డకట్టకుండా చూడాలి. పాత ఫర్నేస్, వాటర్ హీటర్ ఒకే చిమ్నీ వాడుకున్న ఇళ్ళలో మరో చిక్కు ఉంది. ఫర్నేస్ పక్కకు తప్పుకుంటే ఆ పెద్ద చిమ్నీలో వాటర్ హీటర్ ఒక్కదాని పొగ సరిగా పైకి లేవదు. చిమ్నీలోపల సన్నటి లైనర్ వేయించడం దీనికి పరిష్కారం. కాంట్రాక్టర్ ఈ సంగతి తనంతట తానే ఎత్తకపోతే అడగాలి.

కనీసం మూడు కొటేషన్లు తీసుకుని, ప్రతిదానిలో మోడల్ నంబరు, పరిమాణపు లెక్క, స్థానిక పర్మిట్ ఖర్చు, పాతదాన్ని తీసివేయడం రాయించుకోవాలి. బిగించాక గ్యాస్ ఒత్తిడి, డక్టులలోని గాలి ఒత్తిడి, లోపలికి వెళ్ళే గాలికీ బయటికి వచ్చే గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా కొలిచి కాగితం మీద ఇవ్వమనాలి.

కంపెనీల పేర్లకు అంత విలువ ఇవ్వనక్కర్లేదు. క్యారియర్, బ్రయంట్ ఒకే సంస్థవి. ట్రేన్, అమెరికన్ స్టాండర్డ్ ఒకే గూటివి. గుడ్‌మన్, అమానా రెండూ జపాన్ సంస్థ డైకిన్‌వి. రీమ్, రూడ్ కూడా ఒకే సంస్థవి. సాధారణంగా విడిభాగాలకు పదేళ్ళ వారంటీ దొరుకుతుంది, కానీ గడువులోగా యంత్రాన్ని నమోదు చేయకపోతే అది తగ్గిపోవచ్చు. కూలి ఖర్చు అందులో చాలావరకు కలవదు.

భద్రత, నిర్వహణ

ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, వికారం ఇంటిల్లిపాదికీ ఒకేసారి వస్తే వెంటనే బయటికి వచ్చి అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి. గ్యాస్ ఉన్నా కరెంటు లేకపోతే ఫర్నేస్ నడవదని కూడా గుర్తుంచుకోవాలి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు జనరేటర్లను, బొగ్గు గ్రిల్లులను ఇంట్లోనో గ్యారేజీలోనో వాడి పలువురు కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యారు.

ఫిల్టర్‌ను నెలకోసారి చూసి, మురికి పడితే మార్చాలి. పోపులు, వేపుళ్ళు ఎక్కువగా సాగే తెలుగు వంటిళ్ళలో నూనె పొగ రిటర్న్ డక్టు దాకా వెళ్తుంది. పొగను ఇంటి బయటికి వదిలే హుడ్ ఉంటే ఫిల్టర్ ఎక్కువ కాలం నిలుస్తుంది. బ్లీచింగ్ సీసాలు, పెయింట్లు ఫర్నేస్ పక్కన పెట్టకూడదు. వాటి ఆవిరి హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను తినేస్తుంది. నేలమీది గాలి రంధ్రాల మీద చాపలు, సూట్‌కేసులు పెట్టరాదని ఊరి నుంచి వచ్చిన పెద్దలకు ముందే చెప్పాలి.

ఏడాదికొకసారి, చలి మొదలవక ముందే, మెకానిక్ చేత బర్నర్లు, మంట సెన్సర్, హీట్ ఎక్స్‌ఛేంజర్, డ్రెయిన్ చూపించాలి. హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలిందని తేలితే ఆ ఫర్నేస్‌ను మరి వాడకూడదు. వారంటీ మిగిలి ఉంటే దాన్ని మార్పించుకోవచ్చు, లేకపోతే యంత్రాన్నే మార్చాలి.