టవర్ కంటే ముందు కాగితం

ధర్మపురి అనగానే మనలో చాలామందికి గోదావరి ఒడ్డు నరసింహస్వామి గుర్తుకొస్తాడు. ఇది ఆ ధర్మపురి కాదు. హోసూరు, కృష్ణగిరి దాటి సేలం వెళ్తుంటే తగిలే తమిళనాడు జిల్లా కేంద్రం. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. కింద 44వ నంబరు జాతీయ రహదారి, పైన వత్తల్‌మలై, సిత్తేరి కొండలు. పెన్నాగరం వైపు కోట్టూరు కొండకైతే ఎన్నికలప్పుడు ఓటింగ్ యంత్రాలను గాడిదల మీద చేరవేసిన సందర్భాలున్నాయి.

ఇలాంటి జిల్లాలో రోడ్డు పక్కన పరుగులు పెట్టే ఇంటర్నెట్ కొండ మలుపు తిరిగేసరికి ఎందుకు చతికిలబడుతుందని అడిగితే తలా ఒక మాట చెబుతారు. కంపెనీలకు డబ్బాశ అంటారు, సర్కారుకు పట్టదంటారు, టెక్నాలజీ ఇంకా రాలేదంటారు. వీటిలో కొంత నిజం లేకపోలేదు. కానీ కొత్త వైర్‌లెస్ సేవ ఏదైనా దేశంలో అడుగు పెట్టాలంటే కొన్ని షరతులు కుదరాలి. అవి టవర్ లేవడానికి ఎన్నో ఏళ్ల ముందే ఢిల్లీలో రాసి పెడతారు. వాటిని చదవకపోవడం వల్లే సగం అపోహలు.

అపోహ: విదేశాల్లో ఉన్నదే కదా, తెచ్చి అమ్మితే సరిపోతుంది

ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ సరిగ్గా అలాగే అనుకుంది. 2021లో లైసెన్సు చేతికి రాకముందే మన దేశంలో బుకింగులు తీసుకుంది. ఆ ఏడాది నవంబరులో టెలికాం శాఖ ప్రజలను హెచ్చరించింది. కంపెనీ కట్టించుకున్న డబ్బు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఉపగ్రహాలు అప్పటికే మన నెత్తి మీద తిరుగుతున్నాయి. లేనిది అనుమతి ఒక్కటే.

గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కాబట్టి వాటిని వాడుకోవాలంటే సేవకు లైసెన్సు కావాలి, తరంగాల కేటాయింపు కావాలి, పరికరాలకు ఆమోదం కావాలి. అవసరమైతే చట్టబద్ధంగా నిఘా పెట్టే వీలూ భద్రతా సంస్థలకు చూపించాలి. స్టార్‌లింక్‌కు లైసెన్సు 2025 జూన్‌లో వచ్చింది, అంతరిక్ష నియంత్రణ సంస్థ ఇన్‌స్పేస్ అనుమతి జులైలో వచ్చింది. అయినా తరంగాల ధర, భద్రతా పరీక్షలు అప్పటికింకా మిగిలే ఉన్నాయి. ఇదంతా రెడ్‌టేపిజం అని కొట్టిపారేయడం తేలిక. సరిహద్దులున్న దేశం ఆకాశం నుంచి దిగే సేవను ఏ ప్రశ్నా వేయకుండా రానిస్తుందని అనుకోవడం మాత్రం అమాయకత్వం.

అపోహ: వేలంలో తరంగాలు కొన్నారంటే సేవ వచ్చేసినట్టే

దీనికి జవాబు 2010లో ఉంది. ఆ కథ కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఈరోజు మన చేతిలో ఉన్న చౌక డేటాకు బీజం అక్కడే పడింది.

ఆ ఏడాది మే 24న వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ కోసం 2.3 గిగాహెర్ట్జ్ తరంగాల వేలం మొదలైంది. దేశమంతటికీ కలిపి కనీస ధర 1,750 కోట్లు. జూన్ 11న వేలం ముగిసేసరికి అది సుమారు 12,848 కోట్లకు చేరింది. ప్రభుత్వానికి వచ్చిన మొత్తం 38,543 కోట్ల పైమాటే. టెలికాం సేవల కోసం దేశాన్ని విభజించిన 22 సర్కిళ్లనూ గెలిచింది ఇన్ఫోటెల్ అనే చిన్న ఇంటర్నెట్ కంపెనీ. అదే రోజు రిలయన్స్ దాంట్లో 95 శాతం వాటా కొనేసింది.

ఆ తర్వాత? జియోగా పేరు మారిన ఆ కంపెనీ సేవలు మొదలైంది 2016 సెప్టెంబరు 5న. అంటే ఆరేళ్లకు పైగా ఇన్ఫోటెల్ గెలిచిన ఆ తరంగాల మీద మామూలు వినియోగదారు ఒక్క సినిమా చూసింది లేదు.

ఆలస్యానికి కారణాలు ఒకటి కాదు. అప్పట్లో పోటీపడుతున్న రెండు వైర్‌లెస్ టెక్నాలజీల్లో వైమాక్స్ గెలుస్తుందా, మనం 4జీగా ఎరిగిన ఎల్‌టీఈ గెలుస్తుందా అన్నది తేలలేదు. బీఎస్ఎన్ఎల్‌కు వేలం కంటే ముందే తరంగాలిచ్చారు. అది వైమాక్స్ దారి పట్టింది, ఆ దారి ముందుకు సాగలేదు. వేలం షరతుల్లో మాత్రం ఏ టెక్నాలజీ వాడాలో ప్రభుత్వం చెప్పలేదు, ఎంపిక కొన్నవాళ్లకే వదిలేసింది. నా లెక్కలో ఆ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తెలివైన వాక్యం అదే. అధికారులు కూర్చుని ఒక టెక్నాలజీని ఖాయం చేసి ఉంటే, ఆ ఏడాది గాలివాటం చూస్తే, వైమాక్స్‌కే ఓటు పడేదేమో.

ఇక పరికరాల సంగతి. ఎయిర్‌టెల్ 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో దేశంలోనే మొదటి 4జీ తెచ్చినప్పుడు అది కంప్యూటర్‌కు తగిలించే డాంగిళ్లకే పరిమితం. ఆ తరంగాలను పట్టే ఫోన్లు సామాన్యుడి ధరకు దిగేదాకా ఎన్ని టవర్లు నిలబెట్టినా దండగే. పైగా ఇంటర్నెట్ లైసెన్సు మీద తరంగాలు కొన్నవాళ్లకు మామూలు ఫోన్ కాల్స్ ఇచ్చే హక్కు లేదు. 2013లో నిబంధన మార్చి, 1,658 కోట్లు కడితే ఆ హక్కు ఇస్తామన్నారు. ఆ రోజుల్లో మాట కలవని ఫోను ఎవరు కొంటారు?

తమిళనాడుకు, మనకు ఉమ్మడిగా తగిలిన దెబ్బ ఇంకొకటుంది. ఎయిర్‌సెల్ అదే వేలంలో 8 సర్కిళ్లు కొంది. వాటిలో తమిళనాడు ఉంది, ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పూర్తిస్థాయి నెట్‌వర్క్‌గా మలచలేక 2016లో ఆ హక్కులను 3,500 కోట్లకు ఎయిర్‌టెల్‌కు అమ్ముకుంది. 2018లో దివాలా తీసింది. వేలంలో గెలిచిన కంపెనీ చేతిలో నెట్‌వర్క్ కట్టేంత డబ్బు మిగలాలన్నది ఏ పత్రంలోనూ రాయని షరతు.

అపోహ: పల్లెలకు తప్పక ఇవ్వాలని షరతు ఉంది, కంపెనీలే ఎగ్గొట్టాయి

షరతు ఉన్న మాట నిజం. అందులో ఏముందో చూడాలి. 2010 వేలం పత్రం ప్రకారం మెట్రోలు కాని సర్కిళ్లలో ఐదేళ్లలోగా గ్రామీణ ఎస్‌డీసీఏల్లో కనీసం సగానికి సేవ అందాలి. ఎస్‌డీసీఏ అంటే పాత ల్యాండ్‌లైన్ లెక్క, దాదాపుగా ఒక ఎస్‌టీడీ కోడ్ కిందికి వచ్చే ప్రాంతం. ధర్మపురిది 04342, హరూరుది 04346, పాలక్కోడుది 04348.

సగమంటే ఏ సగం? అది కంపెనీ ఇష్టం. పోనీ, లెక్కలోకి వచ్చిన ప్రాంతమంతా అందాలా అంటే అదీ కాదు. అక్కడి మునిసిపాలిటీ లేదా స్థానిక సంస్థ హద్దుల్లో 90 శాతం మేర వీధుల్లో సిగ్నల్ ఉంటే షరతు తీరినట్టే. హరూరు పట్టణంలో సందుసందుకీ సిగ్నల్ ఇచ్చి చుట్టుపక్కల కొండ ఊళ్ల వైపు తలెత్తి చూడకపోయినా ఆ కాగితం ప్రకారం తప్పు పట్టలేం. జరిమానా వేయడానికి ఎగవేతంటూ ఉండాలి కదా!

దీన్ని 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 4జీ పథకంతో పోల్చి చూడండి. సేవ అందని ఊళ్లను లెక్కగట్టారు, 24,680 తేలాయి. 26,316 కోట్లు కేటాయించి పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించారు. టెలికాం కంపెనీలు తమ ఆదాయంలోంచి కట్టే సార్వత్రిక సేవా రుసుమే ఈ ఖర్చుకు ఆధారం. ఆ నిధి పేరు ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. 2025 సెప్టెంబరు 27న ప్రధాని ప్రారంభించిన బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ ఈ పనికి ఆలస్యంగానైనా దొరికిన పనిముట్టు. ఇక్కడ కొలమానం ఎస్‌టీడీ కోడ్ కాదు, ఊరు. ఊరిని లెక్కపెట్టిన పత్రం ఊరిదాకా వెళ్తుంది. పట్టణం హద్దును లెక్కపెట్టినది అక్కడే ఆగుతుంది.

అపోహ: వేలంలో ఎంత ఎక్కువ ధర వస్తే దేశానికి అంత లాభం

కొండ ప్రాంతాలకు 700 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ పౌనఃపున్య తరంగాలు బంగారం. దూరం పోతాయి, గోడలు దాటుతాయి, అడ్డొచ్చిన గుట్టను కొంతవరకు ఒరుసుకుంటూ వంగుతాయి. 5జీకి వాడే 3.3 గిగాహెర్ట్జ్‌కు అంత ఓపిక లేదు. 26 గిగాహెర్ట్జ్‌కైతే ఎదురుగా కనిపించాల్సిందే.

అంత పనికొచ్చే 700కు 2016 వేలంలో మెగాహెర్ట్జ్‌కు 11,485 కోట్ల కనీస ధర పెట్టారు. ఒక్కరూ చేయెత్తలేదు. 2021లో 6,568 కోట్లకు దించారు, అప్పుడూ అంతే. 2022లో 3,927 కోట్లకు దిగాక జియో కొంది. ఈ ఆరేళ్లలో ఖజానాకు ఆ తరంగాల నుంచి వచ్చింది సున్నా, కొండ ఊళ్లకు అందిందీ సున్నా. ఖాళీగా పడున్న తరంగాలను దాచుకుని రేపు వాడుకోలేం. నిన్నటి అద్దెగది కిరాయిలాంటిది, పోయింది పోయినట్టే.

అలాగని ఊరికే పంచిపెట్టమని కాదు. 2జీ పంపకాల తర్వాత సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో 122 లైసెన్సులు రద్దు చేసింది, అదీ మనం చూశాం. వేలం ఉండాలి. కనీస ధర దగ్గర దురాశ తగ్గాలి, అంతే.

అపోహ: వైర్‌లెస్ కాబట్టి వైరుతో పనిలేదు

గాలిలో నడిచేది ఫోను నుంచి టవర్ దాకానే. అక్కడి నుంచి ఫైబర్ కావాలి, లేదంటే మరో టవర్‌కు మైక్రోవేవ్ గొలుసు కట్టాలి. ఫైబర్ వేయాలంటే రోడ్డు తవ్వే అనుమతి కావాలి. దీనికి 2016లో ఒకసారి, 2024లో మరోసారి నిబంధనలు తెచ్చారు, కొత్తవి 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అటవీ భూమైతే ఆ శాఖ అనుమతి వేరు. తమిళనాడులో 12,525 గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చే బాధ్యత రాష్ట్ర సంస్థ టాన్‌ఫినెట్ తలకెత్తుకుంది. ఓటింగ్ యంత్రాన్ని గాడిద మోస్తుంది కానీ టవర్ ఉక్కును, జనరేటర్‌ను ఎలా మోస్తుంది? దారే లేని కొండకు ముందు రావాల్సింది రహదారుల శాఖ, ఆ తర్వాతే టెలికాం శాఖ.

అపోహ: వైఫైకి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి ఎవరైనా నెట్ అమ్ముకోవచ్చు

వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్‌ను 2005లో, 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగాన్ని 2018లో లైసెన్సు నుంచి మినహాయించారు. ఆ మినహాయింపు తరంగాలకే, ఇంటర్నెట్ వ్యాపారానికి కాదు. అయితే 2020 డిసెంబరులో ఆమోదించిన పీఎం-వాణి కింద కిరాణా కొట్టు, టీ కొట్టు కూడా లైసెన్సు లేకుండా వైఫై కూపన్లు అమ్మొచ్చు. కనెక్షన్ మాత్రం అధీకృత కంపెనీ నుంచే తీసుకోవాలి.

అపోహ: టవర్ వస్తే జబ్బులొస్తాయి

మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు దించింది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. టవర్ దూరమైనకొద్దీ చేతిలోని ఫోనే ఎక్కువ శక్తితో తరంగాలు వదలాలి, అదీ చెవి పక్కనే. అనుమానం ఉంటే టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో దగ్గర్లోని టవర్ వివరాలు చూడొచ్చు. నిర్ణీత రుసుము కడితే అధికారులే వచ్చి రేడియేషన్ కొలిచి చూపిస్తారు.