కట్టడం పనికి పంపే ముందు అడగవలసిన ప్రశ్న

కోలారు, పావగడ, హోసూరు పరిసరాల తెలుగు పల్లెల నుండి బెంగళూరు కట్టడాల పనికి వెళ్ళేవారు అనేకులు. బయలుదేరే ముందు కూలి ఎంత, అడ్వాన్సు ఎంత అని ఇంటివారు మేస్త్రీని అడుగుతారు. ప్రాణరక్షణకు ఏ ఏర్పాట్లున్నాయని అడిగేవారు అరుదు. 'జాగ్రత్త నాయనా' అని సాగనంపుతారు. కానీ అన్ని ప్రమాదాలూ కూలీ ఏమరుపాటు వల్ల జరిగేవి కావు.

కట్టడాల వద్ద ప్రాణాలు తీసేవాటిలో ప్రధానమైనది ఎత్తు నుండి పడిపోవడం. పరంజాకు అడ్డుకమ్మీ లేకపోతే ఎంతటి నేర్పరికైనా కాలు జారవచ్చు. లిఫ్టు గుంతకు, శ్లాబు అంచులకు కంచె ఉండాలి. బెల్టు ధరించినా దాని తాడును గట్టి ఆధారానికి తగిలించకపోతే ప్రయోజనం శూన్యం.

రెండవది పునాది గోయి. ఒక ఘనమీటరు మట్టి బరువు సుమారు ఒకటిన్నర టన్ను. గట్టు విరిగి ఛాతీ వరకు కూరుకుపోయిన మనిషి, తల పైనే ఉన్నప్పటికీ, ఊపిరాడక మరణించవచ్చు. కనుక ఐదడుగులకు మించిన గోతి పక్కలకు దన్ను కట్టాలి, లేదా వాలుగా తవ్వాలి. తవ్విన మట్టిని అంచున పోయరాదు.

మూడవది దుమ్ము. రాయి, టైల్సు కోసేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ కలిగిస్తుంది. అది తరచు ఏళ్ళ తరువాత బయటపడుతుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు. ముఖానికి కట్టిన తుండుగుడ్డ ఆ ధూళిని ఆపలేదు. నీళ్ళు పోస్తూ కోస్తే చాలావరకు అణగుతుంది.

ఈ ఏర్పాట్లు ఎవరి దయాభిక్షా కాదు. 1996 నాటి కట్టడ కార్మికుల చట్టం వీటిని యజమాని బాధ్యతగా నిర్ణయించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం కూడా ఆ బాధ్యత యజమానిదే. రక్షణ సామగ్రి పేరిట కూలిలో కోత విధించరాదు.

అంతేకాక, 18 నుండి 60 ఏళ్ళ లోపు వయస్సు కలిగి, గడచిన 12 నెలలలో 90 రోజులు కట్టడం పని చేసినవారు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. చోటు మారుతూ పని చేసేవారికి ఆ 90 రోజులు రుజువు చేయడమే కష్టం. పని చేసిన తేదీ, స్థలం, మేస్త్రీ పేరు చిన్న పుస్తకంలో వ్రాసుకుంటే నమోదు సమయంలో ఆదుకుంటుంది.

అడ్వాన్సు చేతికందుకునే నాడే పరంజా గురించి, గోతి గురించి కూడా అడగడం మంచిది. సమాధానం చెప్పని మేస్త్రీ వెంట బిడ్డను పంపడానికి తొందరపడనక్కరలేదు.