రెండవ దారి

బ్రిటను దేశపు పాతకార్ల అభిమానులలో ఒక పరిహాసము చిరకాలముగా ప్రచారములో నున్నది. బర్మింగుహాము నగరమున జోసెఫ్ లూకస్ నెలకొల్పిన సంస్థ అచ్చటి కార్లలో పెక్కింటికి దీపములు, డైనమోలు, మీటలు సమకూర్చెడిది. ఆ లూకస్‌కు వారు పెట్టిన పేరు 'అంధకార యువరాజు'. దీపముల వ్యాపారముతో పైకి వచ్చినవానికి చీకటి రాజ్యము కట్టబెట్టుట చమత్కారమే గాని, అందులో న్యాయము తక్కువ. పునరుద్ధరించిన కారులో దీపము మసకబారినచో, నేరము పెక్కుసారులు దానికి కొత్త సొగసు కూర్చినవారిదే.

1948లో వెలువడిన మోరిస్ మైనరును ఉదాహరణముగా గ్రహింపవచ్చును. ఆరుబయట ఏండ్ల తరబడి పడియున్న అట్టి బండిని ఒక అభిమాని కొనును. త్రుప్పు గీకించును, రేకులు అతికించును, రెండు మూడు పూతలు రంగు వేయించును. అద్దమువలె మెరయు బండిని రాత్రివేళ బయటికి తీయగా, ముందు దీపములు ఆముదపు దీపములవలె మినుకుమినుకుమనును. మొదట బల్బు మార్చును, పిమ్మట బ్యాటరీ, ఆ పిమ్మట డైనమో. ధనము వ్యయమగును గాని వెలుగు పెరుగదు. త్రుప్పుపట్టిన నాడు చక్కగా వెలిగిన దీపము, సింగారించిన పిమ్మట ఏల మసకబారినది?

విద్యుత్తు ప్రవహించుటకు రెండు దారులు కావలెను, పోవుటకొకటి, మరలుటకొకటి. కారులో వానిలో ఒకటి మాత్రమే తీగ. రెండవది బండి యుక్కు రేకే. దీపపు చట్రము రేకును తాకుచోట లోహమునకు లోహము తగులవలెను. అచ్చట రంగు పూసినచో రెండవ దారికి తలుపు మూసినట్లే. (మోరిస్ మైనరులో బ్యాటరీ ధనధ్రువమును రేకునకు కలుపుదురు. కావున పాఠ్యపుస్తకపు లెక్క ప్రకారము విద్యుత్తు రేకు గుండా వచ్చి తీగ గుండా మరలును! ఇది తెలియక, నేటి కార్లకు చేసిన రేడియోను బిగించి పాడుచేసికొన్నవారు గలరు.)

జర్మనీలోని కొలోను నగరపు పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండి ప్రయోగములు సాగించిన గెయోర్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన నియమము ఇచ్చట అక్షరాల పనికివచ్చును. 12 వోల్టుల బ్యాటరీపై 36 వాట్ల దీపము 3 ఆంపియర్లు తీసికొనును. అనగా దాని నిరోధము 4 ఓములు. రంగు, చిలుము చేరిన అతుకు ఇంకొక్క ఓము కలిపినదనుకొన్నచో మొత్తము 5 ఓములు, ప్రవాహము 2.4 ఆంపియర్లు, దీపమునకు దక్కునది 9.6 వోల్టులు. 36 వాట్లలో మిగిలినవి 23. కాంతి ఇంతకంటెను వేగముగా క్షీణించును. వోల్టులలో ఐదవవంతు తగ్గినచో వెలుగు ఇంచుమించు సగమునకు దిగజారును. తంతువు వేడి తగ్గినకొలది దాని నిరోధమును కొంత తగ్గును గనుక ఈ లెక్క స్థూలమే. అయినను తరగతి గదికి చాలును.

తక్కిన 2.4 వోల్టులు ఏమైనవి? అతుకును వేడెక్కించుటలో వ్యయమగుచున్నవి. ఆ అతుకును కనిపెట్టుటకు బండి విప్పనక్కరలేదు. దీపము వెలుగుచుండగా, వోల్టుమీటరు తీగ నొకదానిని రేకుతో కలిసిన బ్యాటరీ ధ్రువముపైన, రెండవదానిని దీపపు చట్రముపైన ఆనింపవలెను. దారి శుద్ధమైనచో ముల్లు సున్న దగ్గర నిలుచును. రెండు వోల్టులు చూపినచో దొంగ ఆ రెండింటి నడుమనే యున్నాడు. దీపము ఆర్పి చూచినచో ఏమియు తెలియదు. ప్రవాహము లేనిదే ఈ నష్టము కనబడదు. చాలమంది పొరబడునది ఇచ్చటనే.

మసకదీపము నోర్చుకొనవచ్చును, అగ్ని అట్టిది కాదు. ఆ కాలపు బ్రిటిషు కార్లలో పెక్కింట ముందు దీపములకు ఫ్యూజే లేదు. పాత తీగల రబ్బరు, నూలు తొడుగులు పెళుసెక్కి పగులును. లోని రాగి రేకునకు తగిలినచో తీగయే ఎఱ్ఱగా కాలును. ఫ్యూజు ఉన్నచోట, అది మాటిమాటికి పోవుచున్నదని సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితము చుట్టువారు, కావలివానిని కట్టివేసి ఇంటి తలుపులు తెరచినవారితో సమానులు.

తీగల రంగులు తెలిసినచో కొంత శ్రమ తప్పును. గోధుమరంగు తీగ బ్యాటరీనుండి నేరుగా వచ్చును. తెలుపు తాళపుచెవి తిప్పిన పిమ్మట, ఆకుపచ్చ ఫ్యూజు దాటిన పిమ్మట. నలుపు రేకునకు పోవును. అయితే ఇన్నేండ్లలో ఆ బండి ఎన్ని చేతులు మారినదో, ఏ మెకానికు చేతికందిన తీగ నతికినాడో! రంగును నమ్మి మీటరును మానుట క్షేమము గాదు.

మోరిస్ మైనరు మన దేశమునకు కొత్తది గాదు. 1950వ దశకమున హిందూస్థాన్ మోటార్స్ దానినే 'బేబీ హిందూస్థాన్' పేర తయారుచేసినది. మోరిస్ ఆక్స్‌ఫర్డునుండి పుట్టిన అంబాసిడరు 2014 వరకు తయారైనది. ఈ పాతబండ్లను నేడు ముస్తాబు చేయువారికిని ఇదే చిక్కు.

చికిత్స చౌకయైనది. అతుకు విప్పి, బోల్టు క్రింద రూపాయి బిళ్ళంత మేర రంగును ఉప్పుకాగితముతో గీకి, మెరయు లోహమును బయటపెట్టి, గట్టిగా బిగించి, తేమ చేరకుండ పైన కొంచెము వాజలైను పూయవలెను. వేలు పోసి వేయించిన రంగును గీకుటకు చేతులు రాని యజమానులున్నారు. అట్టివారు ప్రతి దీపమునకు విడిగా ఒక నల్లతీగ వేసి, దానిని కంటికి కనబడని మూల గీకిన ఒక బోల్టునకు చేర్చుదురు.