పిల్లికి ఒక చీటీ, పిల్లాడికి ఒక చీటీ

ఎడిటర్ గారు అడిగింది పశువుల గడ్డల రోగం గురించి. "బీదర్ వెళ్లు, దేవణి ఎద్దు ఫొటో తే, శుక్రవారం సాయంత్రానికి కాపీ నా టేబుల్ మీద ఉండాలి" అన్నారు. ఫొటో దొరికింది, ముఖచిత్రం మీద ఉన్నది అదే. కథనం మాత్రం ఎద్దును వదిలేసి, ఒకామె కొంగున ముడేసుకొచ్చిన నలిగిన ట్యూబు వెంట పోయింది.

ఆమెది జహీరాబాద్ వైపు పల్లె. బీదర్ కోడలు. పశువుల డాక్టరు గారి బల్ల ముందు ఒళ్లో పిల్లికూనతో కూర్చుంది. పక్కన ఏడేళ్ల కొడుకు. కూన చెవి దగ్గర వెంట్రుకలు ఊడి, బూడిద చల్లినట్టు పొట్టు లేచింది. పిల్లాడి మెడ మీద రూపాయి బిళ్లంత వలయం. అంచు ఎర్రగా ఉబ్బి ఉంది, నడుమ తేటగా ఉంది. తెలుగులో తామర, కన్నడ మరాఠీల్లో గజకర్ణ, ఉర్దూలో దాద్. బీదర్ బజారులో మూడు పేర్లూ చెల్లుతాయి.

"మెడికల్ షాపుల అడిగితె ఇదిచ్చిన్రు సారూ. రాసిన నాలుగు దినాలకే తగ్గింది. బంద్ జేస్తె మల్ల లేచింది. పిల్లికి గూడ రాసిన" అంది.

డాక్టరు గారు ఉలిక్కిపడ్డారు. "పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది కదమ్మా! మందు కడుపులోకే పోతుంది."

ట్యూబు అడిగి తీసుకున్నాను. ఆవగింజంత అక్షరాల్లో నాలుగు మందుల పేర్లు. క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టర్బినాఫిన్. తామర శిలీంధ్రం వల్ల వస్తుంది. దాన్ని చంపేది చివరిదొక్కటే. మిగతా మూడూ పిలవని పేరంటానికి వచ్చిన చుట్టాలు. అందులో క్లోబెటసాల్ బాగా ఘాటైన స్టెరాయిడ్. దురద, ఎరుపు ఇట్టే అణుగుతాయి, మందు పనిచేసిందనిపిస్తుంది. అసలు జరిగేదేమిటంటే చర్మం తిరగబడటం మానేస్తుంది, శిలీంధ్రం నిమ్మళంగా పాకుతుంది. వలయం రూపు చెదిరి, చూసిన డాక్టరుకే తామరని పోల్చుకోవడం కష్టమవుతుంది. ఇలా వేషం మార్చిన తామరకు 1968లోనే వైద్యులు టీనియా ఇన్‌కాగ్నిటో అని పేరు పెట్టారు. ఎక్కువ రోజులు రాస్తే చర్మం పలచబడి చారలు కూడా పడతాయి. 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. ఆ హెచ్చరిక ఈ ట్యూబు మీదా ఉంది. చీటీ మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

మన దేశపు మొండి తామరకు ఇప్పుడు ప్రపంచంలో పేరుంది. జపాన్ పరిశోధకులు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినీ అని నామకరణం చేశారు. చాలాసార్లు టర్బినాఫిన్‌కు లొంగదు. 2023లో న్యూయార్క్‌లోనూ బయటపడింది. అయితే అది ఎక్కువగా మనిషి నుంచి మనిషికి పాకే రకం. ఇక్కడ అనుమానం కూన మీద.

డాక్టరు గారు లైటు ఆర్పి, ఊదారంగు దీపం వెలిగించారు. వుడ్స్ ల్యాంప్. కూన చెవి దగ్గర నాలుగైదు వెంట్రుకలు చిలకపచ్చగా మెరిశాయి. పిల్లాడు "అబ్బో!" అన్నాడు. మైక్రోస్పోరమ్ కేనిస్ అనే శిలీంధ్రం అలా మెరుస్తుంది. అన్నిసార్లూ మెరవదు కాబట్టి ఆ వెంట్రుకలే పీకి పరీక్షకు పంపారు. రాలిన వెంట్రుకల్లో దాని బీజాలు ఏడాదిన్నర దాకా బతకగలవట. దుప్పటి, దువ్వెన ఉతికి కడగకపోతే మందు వృథా.

కూనకు చీటీ రాశారు. "మరి పోరనికి?" అంది ఆమె.

"మనుషులకు మేం రాయకూడదమ్మా. చర్మం డాక్టరుకు చూపించండి. పిల్లి సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి."

నాకు తామర వచ్చినప్పుడు ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నాను. ఇంట్లో కుక్కో పిల్లో ఉందా అని ఒక్కరూ అడగలేదు. కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం కేంద్రం బీదర్‌లోనే, నందినగర్‌లో ఉంది. మనుషుల వైద్య కళాశాలా ఇదే ఊళ్లో ఉంది. ఒకే ఇంటి జబ్బు మాత్రం రెండు చీటీలుగా చీలిపోతుంది.

చర్మవ్యాధుల చరిత్ర రెండు ముక్కల్లో: గజ్జికి కారణం కంటికి ఆనని పురుగని 1687లో ఇటలీలో బొనోమో రాశాడు. తామర జాతి జబ్బులకు శిలీంధ్రం మూలమని 1840లలో పారిస్‌లో గ్రూబీ చూపాడు.

గడ్డల రోగం (ఎడిటర్ గారి కోసం)
లంపీ వైరస్ మన దేశంలో 2019లో ఒడిశాలో తొలిసారి కనబడింది. 2022లో విరుచుకుపడింది. ఈగలు, దోమలు, పిడుదులు మోస్తాయి. ఒళ్లంతా రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల గడ్డలు లేస్తాయి. మేకల మశూచి టీకా వేస్తారు. మనుషులకు అంటదు.

మచ్చ వేరు, పొక్కు వేరు
చేతికి తగలకుండా రంగే మారితే మచ్చ. ఉబ్బి గంటల్లో మాయమైతే దద్దురు. నీరు పడితే నీటిపొక్కు, చీము పడితే చీముపొక్కు. ఎండితే చెక్కు, లోతుగా ఒలిస్తే పుండు.

కుక్కకు గజ్జి ఉందా?
చెవి అంచును రెండు వేళ్ల మధ్య రుద్దండి. అటువైపు వెనక కాలు దానంతటదే గోకడానికి లేస్తే అనుమానించాల్సిందే. కుక్క గజ్జి పురుగు మనల్నీ కుడుతుంది, దురద పెడుతుంది. మన చర్మం మీద సంసారం మాత్రం పెట్టలేదు.