పోపుల డబ్బా గుట్టు ఫోనులో దాగుతుందా?

పోపుల డబ్బాలో నాలుగు నోట్లు దాచుకోని ఇల్లాలు ఉంటుందా? అది మోసం కాదు, ఆపదకు ఆసరా. 2016 నవంబర్ 8న పెద్దనోట్లు రద్దయినప్పుడు ఎందరో ఆడవాళ్ల గుట్టు బయటపడింది.

ఇప్పుడు నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా కూరగాయలకు కూడా ఫోనుతోనే చెల్లిస్తున్నాం. సులువే గానీ ప్రతి రూపాయీ బ్యాంకు లెక్కకెక్కుతుంది. ఖాతా ఆయన పేర ఉంటే మెసేజీ ఆయనకే పోతుంది!

2014లో వచ్చిన మొనేరో అనే క్రిప్టో నాణెంలో ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో పైవాళ్లకు కనిపించదు. అచ్చం చేతిలో నోటులాగే అనిపిస్తుంది కదూ? కానీ మన కిరాణా కొట్టులో అది చెల్లదు. ఇవాళ్టి ధర రేపుండదు. రహస్య పదాలు పోగొట్టుకుంటే సొమ్ము పోయినట్లే. లాభమొస్తే 30 శాతం పన్ను.

రిజర్వ్ బ్యాంకు 2022 డిసెంబర్ 1న ప్రయోగంగా తెచ్చిన ఈ-రూపాయి విలువ మారదు. నోటులాగే వడ్డీ రాదు. చిన్న మొత్తాలకు గోప్యత ఉండాలన్నది బ్యాంకు ఆలోచనే అయినా, అది తీసుకోవాల్సింది బ్యాంకు ద్వారానే.

అందుకే అక్కలూ, చెల్లెళ్లూ! మీ పేర, మీ ఫోను నంబరుతో ఒక ఖాతా తెరవండి. "ఈ నాణెం కొంటే రెట్టింపు" అనేవాళ్లను నమ్మకండి. పోపుల డబ్బాను మాత్రం ఖాళీ చేయకండి!