సీమచింతకు అమెజాన్‌ చుట్టాలు

సీమచింతకాయ ఒలుచుకుని తినని పిల్లలుంటారా? పేరులోనే ‘సీమ’ ఉన్న ఆ చెట్టు మనకు అమెరికా ఖండం నుంచే వచ్చింది. దాని దూరపు చుట్టం ఒకటి అమెజాన్‌ అడవుల్లో ఉంది. పేరు ఇంగా. మూరెడు పొడవు కాయ విప్పితే దూదిలాంటి తియ్యటి గుజ్జు... అందుకే ‘ఐస్‌క్రీమ్‌ బీన్‌’ అంటారు.

వింతేంటంటే, ఇంగాలో దాదాపు 300 జాతులున్నాయి. ఈక్వెడార్‌లోని యాసునిలో పాతిక హెక్టార్ల అడవిలోనే 40కి పైగా లెక్కతేలాయి!

ఉష్ణమండల అడవులంటే కోట్ల ఏళ్లుగా పాత జాతులు పోగుపడిన మ్యూజియం అని చాలామంది శాస్త్రవేత్తలు నమ్మేవారు. జేమ్స్‌ రిచర్డ్‌సన్‌, టోబీ పెన్నింగ్టన్‌ల బృందం దాన్ని డీఎన్‌ఏతో సరిచూసింది. తరాలు గడిచేకొద్దీ డీఎన్‌ఏలో అక్షరాలు ఒకటీ అరా మారుతుంటాయి. రెండు జాతుల మధ్య తేడాలు ఎక్కువుంటే విడిపోయి చాలాకాలమైనట్టు. తక్కువుంటే ఈమధ్యే వేరుకాపురం పెట్టినట్టు! ఇంగాల్లో తేడాలు మరీ స్వల్పం. ఎక్కువ జాతులు కోటి ఏళ్లలోపువే, చాలావాటి వయసు 20 లక్షల ఏళ్లకు మించదని 2001లో ‘సైన్స్‌’ పత్రికలో వాళ్లు ప్రకటించారు. చెట్ల లెక్కలో అది నిన్నామొన్నే.

ఆండీస్‌ కొండలు పైకి లేవడం, వాతావరణం మారడం అందుకు కొన్ని కారణాలు కావచ్చు. అసలు కథ మాత్రం లేతాకులో ఉంది. గొంగళిపురుగులకు అదంటే ప్రాణం. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిస్‌ కోలీ, థామస్‌ కుర్సార్‌ దశాబ్దాలపాటు ఈ ఆకుల్నే పరిశీలించారు. ఒక్కో ఇంగా ఒక్కోరకం విషం కలుపుకుంటుంది. ఆకుల మధ్య గ్రంథుల్లో తేనె ఊరించి చీమల్ని కాపలా పెట్టుకుంటుంది కూడా. జన్యుపరంగా అక్కాచెల్లెళ్లయిన జాతుల్లోనూ విషాలు వేరు. పక్కచెట్టుదీ అదే విషమైతే దాని పురుగులు ఇటూ వచ్చేస్తాయి మరి! అందుకే పక్కపక్కన బతికేవాటి రక్షణలు వేరువేరుగా ఉంటాయి.

ఇదంతా మనుషులకెందుకంటారా? హోండురస్‌లో పోడు రైతులు అడవి కాల్చి మొక్కజొన్న వేస్తే రెండుమూడేళ్లకే నేల నిస్సారమవుతుంది. బ్రిటన్‌కు చెందిన మైక్‌ హ్యాండ్స్‌ అక్కడ ఇంగాను సాళ్లుగా నాటించారు. వేళ్లు నత్రజని అందిస్తాయి, నీడకు కలుపు చస్తుంది. కొమ్మలు నరికి ఆకు పరిచి మధ్యలో విత్తనం వేస్తే అదే పొలంలో ఏటా పంట. ఇందుకు ఎక్కువగా వాడేది ఇంగా ఎడ్యులిస్‌ అనే జాతి. మిగిలిన వందల్లో కొన్ని చిన్న ప్రాంతానికే పరిమితం. అక్కడ అడవి పోతే వాటి లేతాకుల్లో ఏముందో చూసే వీలు కూడా ఉండదు.